అగ్గిపుల్ల లేకుండా అంటుకునే గుడ్డ

చెక్కకి లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, పట్టించాక చివర్లో మిగిలేది నూనె పీల్చిన ఒక పాత గుడ్డ. చాలామంది దాన్ని ఉండచుట్టి ఏ మూలనో పడేసి, లైట్లు ఆపి తాళం వేసి వెళ్ళిపోతారు. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒకరోజు ఒక తలుపుకి రెండో కోటు వేసి, గుడ్డని బెంచీ మీద ముద్దగా వదిలేసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చి చేత్తో పట్టుకుంటే పైకి మామూలుగానే ఉంది కానీ మడతలు విప్పి మధ్యలో వేలు పెడితే వేడి, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో చెయ్యి పెట్టినట్టు, పైగా ముక్కుకి గుచ్చుకునే మాడు వాసన. పక్కన పొయ్యి లేదు, ఎండ లేదు, మరి ఆ వేడి ఎక్కడిది?

నూనె ఆరడంలోంచే వచ్చింది. మనం ఆరడం అనే మాటే రెండిటికీ వాడతాం కానీ తడి బట్ట ఆరడం వేరు, ఈ నూనె ఆరడం వేరు. బట్టలోంచి నీళ్ళు ఆవిరైపోతాయి, అవిసె నూనె మాత్రం ఎక్కడికీ పోదు, గాల్లోని ఆక్సిజన్‌ని పట్టుకుని దాని అణువులు ఒకదానికొకటి గొలుసుల్లా ముడిపడి గట్టి పొరగా మారతాయి. దాన్లో దాదాపు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే ఉంటుంది, ఆ అణువుకి మూడు డబుల్ బాండ్లు, అంటే కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలు, ఆక్సిజన్ వచ్చి పనిచేసేది ఈ బాండ్ల చుట్టుపక్కలే. ఏ నూనెలో ఇలాంటి బాండ్లు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలత ఒకటుంది, అయోడిన్ విలువ అంటారు, 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ని పట్టుకుంటుందన్న లెక్క. కొబ్బరి నూనెకి అది 10 లోపు, ఆలివ్ నూనెకి 80 ప్రాంతంలో, అవిసె నూనెకి 170 పైమాటే. చెక్కకి పూసే టంగ్ ఆయిల్, డానిష్ ఆయిల్, నూనె కలిసిన వార్నిష్‌లు, రంగునిచ్చే స్టెయిన్‌లు కూడా ఈ కోవలోవే. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అమ్మేదాంట్లో తొందరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు కాబట్టి వేడి కూడా అంత తొందరగా పుడుతుంది.

చెక్క మీద పల్చగా పూసినప్పుడూ ఇదే వేడి పుడుతుంది, కానీ పుట్టింది పుట్టినట్టే గాల్లో కలిసిపోతుంది కాబట్టి మనకి తెలీదు. ముద్దచేసిన గుడ్డ కథ వేరు: దాని పోగుల మధ్య ఆక్సిజన్ చొరబడేంత గాలి ఉంటుంది, వేడిని మోసుకెళ్ళేంత గాలి ఉండదు. లోపల వేడి పెరిగితే రియాక్షన్ వేగం పెరుగుతుంది (ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపు), దాంతో ఇంకా వేడి, అలా కొన్ని గంటల్లో నూలే కమిలి అంటుకుంటుంది. వేడి పుట్టడానికీ బయటికి పోవడానికీ మధ్య ఉండే ఈ పోటీని లెక్కల్లో పెట్టినవాడు రష్యన్ శాస్త్రవేత్త సెమ్యోనోవ్, 1928 ప్రాంతంలో, రసాయన చర్యల మీద పనికే ఆయనకి 1956లో నోబెల్ వచ్చింది. తర్వాత ఫ్రాంక్ కమెనెట్‌స్కీ కుప్ప సైజుని కూడా లెక్కలోకి తెచ్చాడు. వేడి పుట్టేది కుప్ప లోపలంతా, బయటికి పోయేది పైభాగం నుంచి మాత్రమే, కుప్ప అన్ని వైపులా రెండింతలైతే పైభాగం నాలుగింతలు అవుతుంది, లోపలి పరిమాణం ఎనిమిదింతలు. అందుకే నా దృష్టిలో అసలు ప్రమాదం నూనె కాదు, కుప్ప.

1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల బిల్డింగ్‌లో 22వ అంతస్తు దగ్గర మంటలు మొదలయ్యాయి, చెక్క ప్యానెళ్ళ పనికి వాడి వదిలేసిన లిన్సీడ్ ఆయిల్ గుడ్డలే కారణం. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. పై అంతస్తులకి పాకుతూ పోయిన మంట 30వ అంతస్తులో వేడికి వాటంతటవే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి అక్కడ ఆగింది.

చెయ్యాల్సింది ఏమంత కష్టం కాదు. గుడ్డని పూర్తిగా విప్పి, ఒకదాని మీద ఒకటి పడకుండా, బయట గాలి తగిలే చోట నీడలో తీగ మీదో సిమెంట్ నేల మీదో ఒంటి పొరగా పరచాలి. వాతావరణాన్ని బట్టి ఒకటి రెండు రోజులు, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువే పట్టొచ్చు, అట్టలా బిరుసెక్కిందంటే నూనె చెయ్యాల్సిన పని చేసేసిందని, అప్పుడు చెత్తలో వెయ్యొచ్చు. పరిచే చోటు లేకపోతే మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి, గుడ్డ పైకి తేలకుండా ముంచి పెట్టండి, కానీ నీళ్ళలోంచి తీసి మళ్ళీ ముద్దగా వదిలేస్తే కథ మొదటికొస్తుంది, తడితోనే ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి లేదా వెంటనే పరచాలి. పెద్ద వర్క్‌షాపుల్లో కాలితో తొక్కితే మూత తెరుచుకుని, కాలు తీస్తే దానంతటదే మూసుకునే డబ్బాలుంటాయి, అడుగు నేలకి తగలకుండా ఎత్తుగా ఉంటుంది, గుడ్డలకి ఆక్సిజన్ అందనివ్వకపోవడమే ఆ డబ్బా పని, అయినా రోజూ ఖాళీ చెయ్యాల్సిందే. ప్లాస్టిక్ సంచీలో కుక్కడం మాత్రం దయచేసి వద్దు.

ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ గుడ్డలు ఇలా వాటంతటవి వేడెక్కవు, వాటికి నిప్పురవ్వ తగిలితేనే ప్రమాదం, కానీ అన్నీ ఒకే బుట్టలో వేస్తే అవిసె నూనె గుడ్డకి మనమే ఇంధనం అందించినట్టు. నూనె పట్టించిన చెక్కని శాండ్ చేసినప్పుడు వచ్చే పొడి కూడా వాక్యూమ్ బ్యాగులో కుప్పపడితే ఇదే పని చేస్తుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. గుడ్డ అప్పటికే వేడిగా ఉంటే దులపొద్దు, గాలి తగిలి రాజుకుంటుంది, పట్టకారతో తీసి నీళ్ళ బకెట్‌లో ముంచెయ్యండి. మంట కనిపిస్తే మాత్రం బయటికొచ్చి ఫైర్ వాళ్ళని పిలవడమే.

ఇప్పుడు నేను పని మొదలుపెట్టే ముందే గుడ్డలు లెక్కపెట్టుకుంటాను. ఏడు వాడితే పోయేటప్పుడు తీగ మీద ఏడూ కనబడాలి, ఆరే ఉంటే ఆ ఏడోది దొరికేదాకా తాళం వెయ్యను.