'నాలుగు మంచి మాటలు చెప్తే చాలు': మెంటార్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో హాస్టల్ వార్డెన్లకు, పీఈటీ సార్లకు, ఆశా కార్యకర్తలకు, డిగ్రీ అయిపోయి ఊళ్లోనే ఉంటున్న అన్నలకు, అక్కలకు మేం శిక్షణ ఇస్తుంటాం. టీనేజీ పిల్లలకు మనసు బాగలేనప్పుడు తోడుండే పెద్దవాళ్లను, అంటే మెంటార్లను, తయారు చేయడం మా పని. ఏ బ్యాచ్‌లో చూసినా ఇవే మాటలు.

అపోహ: మెంటార్ అంటే సలహాలు బాగా చెప్పాలి.

వాస్తవం: మొదటి రోజే చిన్న నాటకం ఆడిస్తాం. ఒకరు ఇంటర్ పిల్లాడు, ఒకరు సారు. "చదవబుద్ధి అయితలేదు సార్" అనుడే ఆలస్యం, సారు అందుకుంటారు: "మీ నాయన బొంబాయిల మట్టి మోస్తుండు, నీకేం తక్కువైందిరా?" పిల్లాడి వేషంలో ఉన్న నలభై ఏళ్ల టీచర్ కూడా తల దించుకుంటారు. ఇక మాట బంద్. అదే మళ్లీ ఆడిస్తాం, ఈసారి సలహాలు నిషేధం. "ఎప్పటి నుంచి అట్లుంది బిడ్డా?" అని అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మనవాళ్లకు చేతకాదు. పిల్లాడు కాసేపు మాట్లాడకపోతే ఏదో ఒక సామెత పడేస్తారు. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా, దోస్తులతో కలుస్తున్నావా అని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి దానంతటదే బయటికొస్తుంది. చాలాసార్లు అది చదువు గురించి కానే కాదు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: అందరూ భయపడేది ఇక్కడే. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పిల్లలకు గుండె బరువు దిగుతుంది. కాకపోతే, "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడగొద్దు. అట్లా అడిగితే ఎవరైనా "లేవు సార్" అనే అంటారు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగా అడగాలి. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పత్తి చేనుకు తెచ్చిన మందు డబ్బా ఇంట్లో ఉంటే అదే పూట అక్కడి నుంచి తీయించాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ప్రాణాలు నిలబెట్టేది ఇదే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పిల్లాడి పక్కన కూర్చునే ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే కేసవుతుందని ఆస్పత్రికి ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అట్లాంటివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూస్తుంది, శిక్షించదు.

అపోహ: కష్టాలు పడ్డ పిల్లలు వాటంతటవే గట్టిపడతారు.

వాస్తవం: హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు వంటి కష్టాలు ఎన్నో ఉన్నవాళ్లలో మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లకు కలిసొచ్చిన వాటిలో ముఖ్యమైనది, తమను పట్టించుకున్న పెద్దదిక్కు ఒకరుండడం. అమ్మానాయనలు వలస పోతే నాయనమ్మ దగ్గర పెరిగే మన పిల్లలకు ఆ దిక్కు చాలాసార్లు ఆ ముసలామే. అందుకే ఆమెనూ మా మీటింగులకు పిలుస్తాం.

అపోహ: ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే పిల్లలు నమ్ముతారు.

వాస్తవం: ఆ ఒట్టు వేయొద్దు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అంటోంది. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నేను ఇంకొకరికి చెప్పాల్సి వస్తది" అని మొదట్లోనే చెప్పండి.

అపోహ: వేసవి సెలవుల్లో రెండు నెలలు నడిపితే సరిపోతుంది.

వాస్తవం: అమెరికాలో 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏడాదికి పైగా మెంటార్ తోడున్న పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే మెంటార్ వదిలేసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఉన్నది కూడా తగ్గింది. ఏడాది ఉండలేనంటే మొహమాటం లేకుండా ముందే చెప్పండి. వేరే పని ఇస్తాం, రిజిస్టర్లు రాసేవాళ్లు మాకు ఎప్పుడూ తక్కువే.

అన్నట్టు, 14416 పిల్లలకే కాదు. వాళ్ల కష్టాలు విని విని మీకే నిద్ర పట్టని రాత్రి మీరూ చేయొచ్చు.