ర్యాంప్ కట్టేస్తే మ్యూజియం అందరిదీ అయిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మ్యూజియంకి వచ్చేవాళ్ళ సంగతి చూసుకోవడమే నా పని. 2022లో ఐకామ్ (అంతర్జాతీయ మ్యూజియంల మండలి) మ్యూజియం నిర్వచనాన్నే మార్చి, అందరికీ అందుబాటులో ఉండాలి, అందర్నీ కలుపుకోవాలి అని అందులో చేర్చింది, అయినా మీటింగుల్లో ఇవే మాటలు.

అపోహ: ర్యాంప్ ఉంది కదా, ఇంకేం కావాలి?
వాస్తవం: ముందు దాని వాలు కొలవండి. వాలు 1:12 ఉండాలి, అంటే ఒక సెంటీమీటర్ ఎత్తుకి 12 సెంటీమీటర్ల పొడవు, అంటే 15 సెంటీమీటర్ల మెట్లు మూడే ఉన్నా ర్యాంప్ 5.4 మీటర్లు రావాలి, చోటు లేదని కుదించేస్తే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు సొంతంగా ఎక్కలేరు, ఎవరో ఒకరు వెనక నుంచి తోయాల్సిందే. తీరా ఎక్కాక ఎదురుగా బరువైన తలుపు, లోపల షోకేస్‌లో వస్తువుకి బదులు అద్దం మీద లైటు మెరుపు. ఒక్కసారి మీరే వీల్‌చైర్‌లో కూర్చుని గ్యాలరీ అంతా తిరగండి, నేను తిరిగాకే మా లేబుల్స్ కిందకి దించాం.

అపోహ: చూపులేనివాళ్ళకి బ్రెయిలీ పెడితే చాలు.
వాస్తవం: పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళలో చాలామందికి బ్రెయిలీ రాదు. ఆడియో వివరణ, తడిమి చూసే నమూనాలు కావాలి. ముట్టుకుంటే పాడైపోతాయంటారు, నిజమే, అందుకే మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియం 2015లో పేరున్న పెయింటింగ్స్‌కి ఉబ్బెత్తు ప్రతులు చేయించి ముట్టుకోనిచ్చింది.

అపోహ: పాత బట్టలు, కాగితాల కోసం లైటు తగ్గించాలి, లేబుల్ కనబడకపోతే మనమేం చేస్తాం.
వాస్తవం: అలాంటి వాటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటకూడదన్న లెక్క వస్తువుకి, లేబుల్‌కి కాదు. లేబుల్‌ని పక్కకి జరిపి వేరే లైటు పెట్టండి, అక్షరాలు పెద్దవి చేయండి.

అపోహ: గార్డులు ఎక్కువుంటే సేఫ్.
వాస్తవం: బట్టలు చూసో, మాట తీరు చూసో గార్డు ఒకరి వెనకాలే తిరుగుతుంటే ఆ మనిషి మళ్ళీ గడప తొక్కరు. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే.

అపోహ: ఫైర్ అలారం ఉందిగా.
వాస్తవం: టాయిలెట్‌లో ఒక్కరే ఉన్న వినబడని మనిషికి ఆ మోత తెలీదు, వెలిగి ఆరే లైటు కూడా ఉండాలి. మంటలొస్తే మామూలు లిఫ్ట్ వాడకూడదు, మరి పై అంతస్తులో వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళని ఎవరు దించాలి, దేని మీద దించాలి, అంతవరకు ఎక్కడ ఉంచాలి? ఈసారి డ్రిల్‌లో స్టాఫ్‌లో ఒకర్ని పైన వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాకే అలారం మోగించండి.