ఫెయిలయ్యేది పిల్లాడా, బడా?

2024 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సైనిక్ స్కూళ్ల వంటి కేంద్రం చేతిలోని బడుల్లో ఐదు, ఎనిమిది తరగతుల పిల్లలు వార్షిక పరీక్ష తప్పితే రెండు నెలల్లో మళ్లీ రాయాలి. అదీ తప్పితే ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోవాలి. ఇప్పటికైనా చదువుకు విలువ వచ్చిందని కొందరు సంతోషించారు, పేద పిల్లలు బడి మానేస్తారని కొందరు భయపడ్డారు. తమిళనాడు మాత్రం తన బడుల్లో ఎవర్నీ ఆపేది లేదని తేల్చి చెప్పింది. ఇంత చర్చలోనూ అందరి చూపూ పిల్లాడి మీదే. ఐదేళ్లు కూర్చోబెట్టినా వాడికి చదవడం రాకపోతే బడిని ఏం చేయాలన్న ప్రశ్న పక్కకు పోయింది. మన విద్యాచట్టాల్లో ఈ ఖాళీ కొత్తగా ఏర్పడింది కాదు.

ఒకప్పుడు ఇక్కడ లెక్క తిరగేసి ఉండేది. పిల్లాడు తప్పితే నష్టం పంతులుకే. దీని మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడ విద్యావ్యవహారాలు చూసే రాబర్ట్ లో అనే మంత్రి 1862లో తెచ్చిన ‘రివైజ్డ్ కోడ్’ ప్రకారం, సరిపడా రోజులు బడికొచ్చిన ఒక్కో పిల్లాడికి 8 షిల్లింగుల గ్రాంటు వచ్చేది. కానీ ఇన్‌స్పెక్టరు ముందు వాడు చదవడం, రాయడం, లెక్కల్లో ఒక్కొక్కటి తప్పినప్పుడల్లా 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత పడేది. చదువు చవగ్గా లేకపోతే నాణ్యంగా ఉంటుంది, నాణ్యంగా లేకపోతే చవగ్గా ఉంటుంది అని రాబర్ట్ లో పార్లమెంటులో ధీమాగా చెప్పుకున్నాడు. ఈ పద్ధతే ఓడెక్కి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అప్పటి తెలుగు జిల్లాల వీధిబడుల్లో చాలావాటికి సర్కారు సొమ్ము ముట్టింది ఈ ‘ఫలితాల గ్రాంటు’ రూపంలోనే. అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఊళ్లోవాళ్లు ఇచ్చిన గింజలతో బతికే పంతులుకు అది పెద్ద ఆశే. తనిఖీకి వచ్చినాయన పిల్లల్ని వరసగా నిలబెట్టి పరీక్ష పెడతాడు, ఎంతమంది నెగ్గితే అంత డబ్బు.

ఆ తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. తనిఖీలో ఏం అడుగుతారో అదే చదువైపోయింది. ఇంగ్లండులో స్వయంగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్, పిల్లలు వాచకం మొత్తం బట్టీపట్టి అప్పజెప్పేస్తున్నారని తన నివేదికల్లో మొత్తుకున్నాడు. చివరికి 1904లో ఇక్కడి వైస్రాయ్ కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో ఈ గ్రాంటు పద్ధతిని తప్పుబట్టి పక్కన పెట్టమంది. పంతులు మెడ మీద కత్తి తీసేశారు, బాగానే ఉంది. దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. అక్కణ్నుంచి పరీక్ష పిల్లాడి సొంత గొడవ అయిపోయింది.

స్వతంత్రం వచ్చాక పిల్లల్ని తప్పించడం వల్లే బడి మానేస్తున్నారన్న ఆలోచన బలపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1970ల మొదట్లోనే నాన్-డిటెన్షన్ వచ్చింది. హాజరుంటే చాలు, పై తరగతికి తోసేయడమే. ఏడో తరగతి కామన్ పరీక్ష మాత్రం గడపలా అడ్డంగా ఉండేది. 1986 జాతీయ విద్యావిధానం కూడా ప్రాథమిక స్థాయిలో ఎవర్నీ ఆపవద్దంది. 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లలోపు చదువు ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. ఆ ఉన్నికృష్ణన్ కేసు మన రాష్ట్రానిదే. మొదలైంది ఇంజనీరింగు, మెడికల్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల మీద, తేలింది చిన్నపిల్లల బడి దగ్గర! 2002 రాజ్యాంగ సవరణతో ఆ హక్కు 21ఏ అధికరణగా రాతకెక్కింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలోని 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపకూడదు, బడి నుంచి పంపేయకూడదు అంది. 30వ సెక్షన్ అప్పటిదాకా బోర్డు పరీక్షే వద్దంది. మరి బడి బాధ్యత? దానికి కొలతలు ఉన్నాయి. ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు, టీచరుకో గది, మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ, ఆటస్థలం, లైబ్రరీ. ఇవి లేకపోతే ప్రైవేటు బడి గుర్తింపు పోతుంది. అంటే టేపు పట్టుకుని వెళ్లి కొలవగలిగినవన్నీ చట్టంలో ఉన్నాయి. పిల్లాడికి ఏం వచ్చిందన్న కొలత లేదు. తరగతివారీ అభ్యసన ఫలితాలు నిబంధనల్లోకి ఎక్కడానికి 2017 దాకా ఆగాలి.

పరీక్ష బదులు నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. ఆలోచన మంచిదే. మన హైస్కూళ్లలో అది ఎఫ్‌ఏలు (చదువు సాగుతుండగా వేసే చిన్న మదింపులు), ఎస్‌ఏలుగా (టర్ము చివరి పరీక్షలు) దిగింది. ఎఫ్‌ఏలో నోటుపుస్తకానికి కొన్ని మార్కులు, ప్రాజెక్టు పనికి కొన్ని, తరగతిలో ప్రతిస్పందనకు కొన్ని, స్లిప్ టెస్టుకు కొన్ని. అరవైమంది ఉన్న సెక్షన్‌లో ప్రతి పిల్లాడి ప్రతిస్పందనా గమనించి అంకె వేయాలంటే టీచరుకు ఎక్కడ కుదురుతుంది? రిజిస్టరు నింపడమే పనైంది. ప్రాజెక్టులు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీసి అట్ట వేస్తే అయిపోయేవి. 2015 నుంచి పదో తరగతిలోనూ 20 మార్కులు బడి చేతికే ఇచ్చారు. ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల ఆ ఇరవైకి ఇరవై పడిపోయేవి. ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నట్టు చెప్పి, ఏడాది సగమయ్యాక ఇదేంటని గోల లేవడంతో వాయిదా వేసింది.

ఈలోగా బయటివాళ్లు కొలవడం మొదలుపెట్టారు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వే చేస్తోంది. వాలంటీరు బడికి కాదు, పల్లెలో ఇంటికే వెళ్తాడు. పిల్లాడి చేతిలో ఒక కాగితం పెడతాడు. దాని మీద అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఎక్కడ ఆగిపోతే అదే స్థాయి. 2018లో దేశం మొత్తమ్మీద ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మందే ఆ కథ చదవగలిగారు. కరోనా తర్వాత 2022లో అది 42.8 శాతానికి పడింది, 2024లో 48.8కి లేచింది. అంతకుముందే అంతర్జాతీయ పీసా పరీక్షలో హిమాచల్, తమిళనాడు పాల్గొని 74 చోట్లలో అడుగునుంచి రెండు, మూడు స్థానాల్లో నిలిచాయి. ఫలితాలొచ్చాక మన దేశం 2012 పీసాకు వెళ్లనేలేదు.

ఈ అంకెలు చూపించే నాన్-డిటెన్షన్ మీద పడ్డారు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే అధికారం రాష్ట్రాలకు వచ్చింది. 2024 చివరికి 16 రాష్ట్రాలు దాన్ని వాడుకున్నాయి. వాటిలో ఆంధ్ర, తెలంగాణ లేవు. నాకు ఇక్కడే అర్థం కాని సంగతి ఒకటుంది. సర్వే చెప్పింది బడి నేర్పడం లేదని. శిక్ష మాత్రం నేర్చుకోనివాడికి పడింది.

బడినే శిక్షిస్తే బాగుపడుతుందా అంటే, అమెరికా ఆ ముచ్చటా తీర్చుకుంది. 2002లో బుష్ సంతకం చేసిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష పెట్టమంది. 2014కల్లా నూటికి నూరుమందీ గట్టెక్కాలంది. వెనకబడిన బడులపై ఏటికేడు చర్యలు ముదిరేవి. అట్లాంటాలో టీచర్లు సెలవురోజున కూర్చుని పిల్లల జవాబులు చెరిపి దిద్దారు. 44 బడుల్లో 178 మంది విద్యాసిబ్బంది ఇందులో ఉన్నట్టు 2011 విచారణ తేల్చింది. కొందరు జైలుకూ వెళ్లారు. 2015లో ఆ చట్టాన్ని మార్చి పగ్గాలు చాలావరకు రాష్ట్రాలకు వదిలేశారు.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్ష రాసిన పిల్లలకే అవే ప్రశ్నలు మళ్లీ ఇచ్చి చూసిన ఆర్థికవేత్త అభిజీత్ సింగ్, అధికారిక మార్కులు అసలుకు రెట్టింపు ఉన్నాయని చూపించాడు. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద రాసిన బడుల మార్కులు ట్యాబ్ మీద రాసిన బడుల కన్నా బాగా ఎక్కువొచ్చాయి. కొలిచేదీ బడే, కొలతకు జవాబు చెప్పాల్సిందీ బడే అయితే అంకె నిజం చెప్పదు.

ఒక్క ప్రయోగం మాత్రం వేరే దారి చూపింది, అదీ మన పల్లెల్లోనే. 2005 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని వందల ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని నడిపారు. పిల్లల సగటు మార్కులు 5 శాతం పాయింట్లకు మించి పెరిగితే, ఆపైన ఒక్కో పాయింటుకు టీచరుకు 500 రూపాయల బోనస్. పరీక్ష పెట్టింది బయటి సంస్థ, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్. ఓడిన పిల్లాడికీ బడికీ ఏ శిక్షా లేదు. రెండేళ్లలో తెలుగు, లెక్కలు రెండూ మెరుగయ్యాయి, బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి. టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. వచ్చిన రోజున మాత్రం ఎక్కువ చెప్పారు, హోంవర్కు ఇచ్చారు, బడి అయ్యాక కూర్చోబెట్టారు. పరిశోధకుల లోకంలో దీనికి పేరొచ్చింది. రాష్ట్రంలో విధానంగా మాత్రం మారలేదు.

ఇప్పుడు మళ్లీ 2024 నిబంధనలు చూడండి. తప్పిన పిల్లాడికి అదనంగా చెప్పాలి. క్లాస్ టీచరు వాడికీ, తల్లిదండ్రులకూ దారి చూపాలి. హెడ్‌మాస్టరు తప్పినవాళ్ల జాబితా పెట్టుకుని స్వయంగా గమనించాలి. ఆ జాబితా ఏటా పొడవవుతుంటే ఎవరు, ఎవరికి జవాబు చెప్పాలన్నది అందులో లేదు. రేపు మన రాష్ట్రాలూ ఈ దారి పడితే, వేలల్లో ఉన్న ఏకోపాధ్యాయ బడుల్లో అదనపు క్లాసు చెప్పేదీ, మళ్లీ పరీక్ష పెట్టేదీ, జాబితా రాసేదీ, దాన్ని స్వయంగా గమనించేదీ ఒక్క మాస్టారే.