ఉప్పు వండిన వంటిల్లు

పిల్లలూ,

ఫ్రాన్స్‌లోని ఆర్క్-ఎ-సెనాన్ ఫొటో చూసి, "దగ్గర్లో సముద్రమే లేదు, ఉప్పు కోసం అంత పెద్ద భవనం ఎందుకు తాతయ్యా?" అని రాశారు. మంచి ప్రశ్న.

దాన్ని భవనం అనుకోకండి, వంటిల్లు అనుకోండి. వండేది ఒక్క ఉప్పే. అక్కడికి సుమారు 21 కిలోమీటర్ల దూరాన సాలాన్ అనే ఊళ్లో భూమి లోపల ఉప్పునీరు ఊరుతుంది. వందల ఏళ్లు అక్కడే కాచారు. కాచీ కాచీ కట్టెలకు కరువొచ్చింది. కట్టెలేమో ఆర్క్-ఎ-సెనాన్ పక్కనున్న షో అనే అడవిలో ఉన్నాయి. అడవిని మోసుకురావడం కంటే నీళ్లను నడిపించడం తేలిక కదా! దుంగలు తొలిచి గొట్టాలు చేసి, ఉప్పునీటిని అడవి పక్కకే పంపారు.

1775 నుంచి 1779 దాకా క్లోడ్ నికోలా లెదూ అనే ఆర్కిటెక్ట్ ఈ వంటింటిని అర్ధచంద్రాకారంలో కట్టాడు. నడుమ అధికారి ఇల్లు, దానికి చెరోపక్కా ఉప్పు కాచే పొడవాటి శాలలు. వాటిలో గదంత ఇనుప మూకుళ్లు, కింద పొయ్యిలు. ఆవిరి పైకి పోవాలి కాబట్టి కప్పు అంతెత్తున. వంటింటికి తాళం ఉన్నట్టే దీనికీ గట్టి కాపలా ఉండేది. ఉప్పు మీద రాజు గాబెల్ అనే పన్ను వేసేవాడు మరి. పేదవాడి గంజిలో ఉప్పుకూ పన్ను కట్టించడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

చిన్నప్పుడు నేనూ గిన్నెడు ఉప్పునీళ్లు పొయ్యి మీద పెట్టి ఆటకు పోయాను. వచ్చేసరికి నీళ్లు లేవు, అడుగంతా తెల్లటి పెచ్చు. అమ్మ తిట్టలేదు. గిన్నె నా చేతికిచ్చి గోకమంది. పొద్దుగూకేదాకా గోకాను, వేళ్లు మండిపోయాయి. ఆ మూకుళ్ల దగ్గర మనుషులు రాత్రనకా పగలనకా ఆవిరిలో నిలబడి ఉప్పు లాగి తీసేవారు. నేల మీద ఉప్పు ఒలకబోసినప్పుడు వాళ్లను ఒకసారి తలుచుకోండి.

1895లో ఆ పొయ్యిలు ఆరిపోయాయి. భవనాలు మాత్రం నిలిచాయి. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఫొటో మళ్లీ తీసి గోడలు చూడండి. రాతి కుండలు పక్కకు ఒరిగి ఉంటాయి, వాటిలోంచి చిక్కటి నీళ్లు ఒలుకుతుంటాయి. ఆ నీళ్లూ రాయే!

నీళ్లలో కనబడకుండా కరిగిన ఉప్పు మళ్లీ పలుకులు పలుకులుగా ఎలా బయటపడుతుందో నేను చెప్పను. పళ్లెంలో కాసిని ఉప్పునీళ్లు పోసి ఎండలో పెట్టండి, కదపకండి. ఆరాక భూతద్దం పెట్టి చూడండి. ఒక్కో పలుకుకూ ఎన్ని మూలలున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య