పిగ్‌ఎ జన్యువు, పి.ఎన్.హెచ్.: మేనరికం నుంచి పసరు మందు దాకా అపోహలు - వాస్తవాలు

పి.ఎన్.హెచ్. (పెరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా) అనే, ఎర్రకణాలు పగిలిపోయే రక్తవ్యాధి ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి మాత్రమే కొత్తగా బయటపడుతుంది. వరంగల్‌లో రక్తవ్యాధుల వైద్యుడిగా నేను గమనించినదేమిటంటే, ఆ ఒకరిద్దరు నా దగ్గరకు చేరేసరికి వ్యాధి కంటే దాని గురించిన అపోహలే ఎక్కువ ముదిరి ఉంటాయి.

అపోహ: జన్యులోపం అన్నారంటే వంశపారంపర్యమే; మేనరికం చేసుకున్నందుకే వచ్చింది.

వాస్తవం: ఈ మాట విని తల దించుకునే తల్లులను చూశాను కనుక దీనిని కాస్త వివరంగా చెబుతాను. మన కణాలపై ఉండే ప్రోటీన్లలో నూటయాభైకి పైగా కణత్వచంలోకి నేరుగా దిగబడి ఉండవు, జి.పి.ఐ. అనే కొవ్వు, చక్కెరలతో కూడిన లంగరు వాటిని త్వచానికి కట్టి ఉంచుతుంది. ఆ లంగరు తయారీలో మొదటి మెట్టుకు కావలసిన ఎంజైమును పిగ్‌ఎ జన్యువు అందిస్తుంది. పి.ఎన్.హెచ్.కు మూలం ఈ జన్యువులోనే ఉందని 1993లో జపాన్‌కు చెందిన తారో కినోషిత బృందం నిరూపించింది. అయితే ఆ లోపం పుట్టుకతో రాదు. పుట్టిన ఎన్నో ఏళ్లకు మూలుగలోని ఏదో ఒక మూలకణంలో మార్పు జరిగి, దాని సంతతి కణాలకు మాత్రమే సంక్రమిస్తుంది, బిడ్డలకు సంక్రమించదు. లంగరు తయారీకి ఇరవైకి పైగా జన్యువులు అవసరమైనా, దాదాపు ప్రతి రోగిలోనూ పిగ్‌ఎ ఒక్కటే దెబ్బతినడానికి కారణం, అది ఎక్స్ క్రోమోజోముపై ఉండటమే. మిగిలినవాటికి రెండేసి ప్రతులుంటాయి. పురుషుడికి ఎక్స్ ఒక్కటే, స్త్రీ కణంలోనూ పనిచేసేది ఒక్కటే, కాబట్టి ఒక్క దెబ్బ చాలు. ఏటూరునాగారం వైపు కోయ కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చేది. దానికీ దీనికీ పోలిక లేదు. పిగ్‌ఎ లోపం తల్లి నుంచి కొడుకులకు వచ్చే సందర్భాలూ అరుదుగా ఉన్నాయి, కానీ అక్కడ కనిపించేవి పసితనంలోనే మొదలయ్యే మూర్ఛలు, ఎదుగుదల లోపాలు. ఆ వ్యాధి వేరు.

అపోహ: తెల్లవారుజామున మూత్రం డికాషన్ రంగులో వస్తేనే ఈ జబ్బు, అది ఒంట్లో వేడి వల్ల.

వాస్తవం: రోగం బయటపడే నాటికి అటువంటి మూత్రం కనిపించేది సుమారు నాలుగో వంతు మందిలోనే. 1882లో జర్మన్ వైద్యుడు పాల్ ష్ట్రూబింగ్ దీనిని నిద్రతో ముడిపెట్టినందున పేరులో రాత్రి (నాక్టర్నల్) నిలిచిపోయింది, నా దృష్టిలో అది రోగులను తప్పుదారి పట్టించే పేరు. లంగరు లేని ఎర్రకణాలపై సి.డి.55, సి.డి.59 అనే కాపలా ప్రోటీన్లు నిలవవు. అలా కాపలా లేని ఎర్రకణాలను మన రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థే (రోగనిరోధక ప్రోటీన్ల సమూహం) పగలంతా, రాత్రంతా పగలగొడుతూ ఉంటుంది. రాత్రి మూత్రం చిక్కబడటం వల్ల ఉదయం రంగు ప్రస్ఫుటమవుతుంది, అంతే.

అపోహ: కళ్లు పచ్చబడ్డాయి కనుక పసిరికలు, పసరు మందు పోయిస్తే సరిపోతుంది.

వాస్తవం: పగిలిన ఎర్రకణాల నుంచి వచ్చే పచ్చదనం అది. అసలు ప్రమాదం రక్తం గడ్డకట్టడంలో ఉంది. ఈ రోగుల మరణాలకు ప్రధాన కారణం అదే. కాలేయపు సిరల్లో గడ్డ ఏర్పడి పొట్ట ఉబ్బి నొప్పి మొదలైతే, పసరు కోసం వెచ్చించిన ప్రతి రోజూ నష్టమే.

అపోహ: ఐరన్ మాత్రలతో నయమవుతుంది.

వాస్తవం: మూత్రంలో పోయే ఇనుమును అవి భర్తీ చేస్తాయి, కణాల పగులుడును ఆపవు. 2007లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్యులిజుమాబ్ అనే మందు ఆ పగులుడును అదుపు చేస్తుంది. అయితే ధర విపరీతం, మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకాకస్ అనే బాక్టీరియాకు టీకా తప్పనిసరి. పూర్తిగా నయం చేయగలది మూలుగ మార్పిడి ఒక్కటే, అదీ ప్రమాదాలతో కూడుకున్నది.

నిర్ధారణకు ఫ్లో సైటోమెట్రీ (కణాలపై ఉండే ప్రోటీన్లను ఒక్కో కణంలో చూసే పరీక్ష) అవసరం. రక్తం ఎక్కించుకున్న రోగిలో దాత ఎర్రకణాలు కలిసిపోతాయి కాబట్టి తెల్లకణాలను కూడా తప్పక చూడమని కోరాలి. హైదరాబాద్‌కు పంపే నమూనా ఆ కణాలు చెడకముందే, వీలైనంతవరకు 48 గంటల్లోపు, ల్యాబుకు చేరాలి.