74 రోజుల పని

1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాథ్రోప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ. అక్కడి మగవాళ్లకు మాటల మధ్య ఒక సంగతి తట్టింది: ఈ మధ్య మనలో ఎవరింట్లోనూ పిల్లలు పుట్టడం లేదేంటి? పరీక్షలు చేశారు. కొందరి వీర్యంలో శుక్రకణాలు బాగా తక్కువ, కొందరిలో అసలే లేవు. కారణం డీబీసీపీ, నేలలోని నులిపురుగుల్ని చంపే మందు. మిల్లీలీటరుకి 10 లక్షల కణాలు కూడా లేనివాళ్లంతా ఆ మందు దగ్గర కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లు. 4 కోట్లు దాటినవాళ్లలో మూడు నెలలకు మించి దాని దగ్గర ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఈ మందుతో ఎలుకల వృషణాలు కుంచించుకుపోతాయని 1961లోనే తేలింది. అయినా మరో పదహారేళ్లు మందు తయారవుతూనే ఉంది.

తెలుగులో గొడ్రాలు అనే మాట ఉంది. మగవాడి విషయంలో జనం నోట్లో నానే అలాంటి మాట నాకైతే ఒక్కటీ గుర్తురాదు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు లోపం కూడా ఉంటుంది, కానీ టెస్టులకు ముందు వెళ్లేది ఎప్పుడూ ఆవిడే.

ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాలు కావాల్సిన కణాలన్నీ ఒంట్లో ఉంటాయి. మగవాడిలో అలా కాదు, యుక్తవయసు నుంచి రోజూ కొత్త సరుకే. ఒక్కో శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికొచ్చే దారిలో ముదరడానికి ఇంకో పది పన్నెండు రోజులు. అందుకే ఇవాళ్టి వీర్య పరీక్ష రిపోర్టు చెప్పేది మూడు నెలల కిందటి నుంచి జరిగిన కథ. గట్టి జ్వరం వచ్చిపోయిన నెలా రెండు నెలలకు కౌంట్, అంటే శుక్రకణాల సంఖ్య, పడిపోయి కనిపించవచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. వృషణాలకు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి, అవి ఒంటి బయట వేలాడేది అందుకే. జిమ్ములో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్ల సంగతి ఇంకా విచిత్రం. మగతనం పెంచుతుందనుకునే ఆ మందే, మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆర్డర్లను ఆపించి కౌంట్‌ను సున్నాకి దించగలదు.

ఇవి చాలావరకు మానితే కోలుకునేవి. కానీ డీబీసీపీ దెబ్బ తగిలింది సరుకుకి కాదు, దాన్ని తయారుచేసే మూలకణాలకు. అందుకే ఆ కార్మికుల్లో కొందరికి కణాలు మళ్లీ రానే లేదు.

వయసు కూడా ఆ మూలకణాల మీదే పనిచేస్తుంది. అవి సుమారు 16 రోజులకోసారి విడిపోతాయి, విడిపోయినప్పుడల్లా డీఎన్‌ఏకి కొత్త నకలు, నకలు తీసినప్పుడల్లా అచ్చుతప్పులు పడే అవకాశం. 2012లో ఐస్‌లాండ్‌లో 78 మంది పిల్లల జన్యువుల్ని తల్లిదండ్రుల వాటితో పోల్చి చూశారు. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో కొత్త తప్పులు సుమారు రెండు పెరుగుతున్నాయి. 20 ఏళ్ల తండ్రి నుంచి 25 దాకా వస్తే, 40 ఏళ్ల తండ్రి నుంచి 65 దాకా. తల్లి నుంచి వచ్చేవి పదిహేను. చాలా తప్పుల వల్ల నష్టమేమీ ఉండదు. కొన్ని మాత్రం మొండివి. పిల్లలు మరుగుజ్జులుగా పుట్టే అకాండ్రోప్లేసియాకి కారణమైన మార్పు ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో ఉన్న మూలకణం, పక్క కణాల్ని పక్కకు నెట్టి పొలంలో కలుపులా పెరుగుతుంది. ఇలాంటి పిల్లలు ఇంట్లో ఆఖరి సంతానంగా ఎక్కువ కనిపిస్తున్నారని 1912లోనే జర్మన్ డాక్టర్ విల్హెల్మ్ వైన్‌బర్గ్ గమనించాడు. అసలు లెక్క తండ్రి వయసుదని తర్వాత తేలింది.

తండ్రి తిండి సంగతి ఇంకా ఎలుకల దగ్గరే గట్టిగా ఉంది. 2010లో మగ ఎలుకలకు కొవ్వు బాగా పెడితే వాటి ఆడపిల్లల్లో ఇన్సులిన్ తయారీ దెబ్బతింది. మనుషుల విషయంలో అంత ఖాయంగా చెప్పే రోజు రాలేదు. కౌంట్ కోసం అమ్మే జింక్, ఫోలిక్ ఆసిడ్ మాత్రల్ని మాత్రం అమెరికాలో రెండు వేలకు పైగా జంటల మీద పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు: కాన్పులు పెరగలేదు.

ఇక వై క్రోమోజోములో చిన్న ముక్క ఊడిపోయినవాళ్లు కొందరుంటారు. పదేళ్లు పథ్యం చేసినా కౌంట్ పెరగదు. 1992 నుంచి ఇక్సీ వచ్చింది, ఒక్క శుక్రకణాన్ని పట్టి సూదితో అండంలోకి ఎక్కిస్తారు, బిడ్డ పుడతాడు. కొడుకైతే ఆ ఊడిన ముక్క ఉన్న వై అలాగే వాడికి దఖలు పడుతుంది. పాతికేళ్ల తర్వాత వాడూ అదే రకం క్లినిక్ ముందు టోకెన్ తీసుకుని కూర్చోవాల్సి రావచ్చు.