లంగరేసిన ఓడలు

మొన్న ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో మా అపార్ట్‌మెంట్ ఆవిడ ఎదురై, "మాస్టారూ, మా గుంటడికి ఏడీహెచ్‌డీ ఏమో అంటన్నారు. తలకి స్కాన్ తీయిస్తే తేలిపోద్దా?" అని అడిగింది. ఏడీహెచ్‌డీ అంటే పిల్లల్లో ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం. వాడు అప్పటికే మొక్కజొన్న పొత్తు సగం కొరికి, చెల్లి చేతిలో పెట్టేసి, నీళ్లవైపు పరిగెత్తాడు.

తేలదన్నాను. ఎందుకో చెప్పడానికి సముద్రంలోకి చూపించాల్సొచ్చింది.

చీకటి పడితే అక్కడ దీపాల వరస కనబడుతుంది. పోర్టు పిలుపు కోసం లంగరేసుకున్న ఓడలవి. లోపలి రేవుకి పోయే కాలవ ఇరుకు. పైలట్ ఎక్కాలి, టగ్గులు రావాలి, అప్పుడే డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఓడ లోపలికొస్తుంది. పిలుపు రానివన్నీ ఆగి ఉండాల్సిందే.

మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులు చేసే పనీ ఇదే. ఇంత చక్కటి ఏర్పాటు మెదడులో ఇంకోటి లేదని నా అభిప్రాయం. వాటిలో ఒకటైన గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం, మెదడు పైపొరకి కబుర్లు చేరవేసే థలామస్‌ని ఎప్పుడూ నొక్కిపెట్టే ఉంచుతుంది. అంటే ఓడలన్నీ లంగరు మీదే. ఇంకో గుంపైన స్ట్రయేటంలోని కొన్ని కణాలు గాబా అనే అణిచే రసాయనం వదిలి ఆ నొక్కేవాణ్ణే క్షణంసేపు నొక్కుతాయి. దారి తెరుచుకుని ఒక పని కదులుతుంది. డోపమైన్ అనే కబురు రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో డీ1 రకం ఉన్న కణాలు దారి తీసేవి, డీ2 ఉన్నవి మూసేవి, ఈ రెంటి తూకం ఆ డోపమైన్ చేతిలో. ఏ ఓడని పిలవాలో కబురు పెట్టే పోర్టు ఆఫీసు మాత్రం నుదుటి వెనకాల ఉంది.

2007లో అమెరికాలో ఫిలిప్ షా బృందం 223 మంది ఏడీహెచ్‌డీ పిల్లల్ని, అంతేమంది మామూలు పిల్లల్ని పోల్చింది. మెదడు పైపొరలో సగం చోట్లు పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్లు, వీళ్లలో 10.5. ఎక్కువ ఆలస్యం నుదుటి వెనకే. కాళ్లూ చేతులూ ఆడించే మోటార్ కార్టెక్స్ మాత్రం కాస్త ముందే తయారైంది! టగ్గుల ఇంజన్లు మోగుతున్నాయి, ఆఫీసుకి ఇంకా పైకప్పు పడలేదు.

ఇది తెలియని రోజుల్లో నేనూ పిల్లల్ని గది బయట నిలబెట్టినవాణ్ణే. ఒకడు పీరియడంతా కిటికీ చువ్వలు లెక్కపెట్టేవాడు, మధ్యలో తప్పి మళ్లీ మొదటికొచ్చేవాడు. ఈవిడ కొడుక్కి మూడుసార్లు దిష్టి తీయించి, తాయెత్తు కట్టించింది. తాడు వాడే నమిలి తెంపేశాడట. తాయెత్తు వల్ల హాని లేదు గానీ ఏడాది గడిచిపోయింది.

"మరి ఫోనిస్తే రెండు గంటలు కదలడే?" అంది. ఆటలో నాలుగు క్షణాలకో బహుమతి. లెక్కల హోంవర్కుకి బహుమతి ఎప్పుడో యూనిట్ టెస్టులో. అంతదూరపు ఓడకి దారి ఉంచాలంటే ఆఫీసు గట్టిగా పనిచెయ్యాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర డోపమైన్‌ని వెనక్కి పీల్చేసే ట్రాన్స్‌పోర్టర్లని అడ్డుకుంటుంది, కబురు కాసేపు నిలుస్తుంది. మత్తిచ్చి పడుకోబెడతారన్న భయం ఆవిడకీ ఉంది. నిజానికది ఉత్తేజకం.

ఇక స్కాన్. 2017లో 23 కేంద్రాల నుంచి ఏడీహెచ్‌డీ ఉన్న 1,713 మందివి, లేని 1,529 మందివి స్కాన్‌లు కలిపి చూశారు. మెదడు లోపలి భాగాలైన అమిగ్డలా, కాడేట్, పుటామెన్ లాంటివి ఏడీహెచ్‌డీ పిల్లల్లో సగటున కొద్దిగా చిన్నవి. ఫిషింగ్ హార్బర్‌లో రెండు పడవల చేపలు కలిపి పోసి, పొడవు చూసి ఏది ఏ పడవదో చెప్పమంటే చెప్పగలమా? అంత చిన్న తేడా. పెద్దవాళ్లలో ఆ తేడా కూడా తేలలేదు. అలాగని పెద్దయ్యాక అందరికీ తగ్గిపోదు, చాలామందిలో పరుగులు పోయి లోపలి అలజడి మిగులుతుంది. వారసత్వం పాత్ర దాదాపు ముప్పాతిక వంతు అనేసరికి, "మా ఆయన స్కూటర్ తాళం రోజూ వెతుకుతాడండి" అంది.

డాక్టర్లు చూసేది చరిత్ర: 12 ఏళ్లలోపు మొదలైందా, ఇంట్లోనూ బడిలోనూ ఉందా, ఆరు నెలలైనా సాగిందా. స్కాన్ డబ్బులు ఉంచుకుని, వాడి స్కూలు డైరీలు పట్టుకుని పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమన్నాను. టీచర్లు ఎర్రసిరాతో రాసిన ఫిర్యాదులున్న పేజీలు చింపొద్దని కూడా చెప్పాను.